సంబంధం గడి

ఆటు 4,118

దిగినవారు పద్నాలుగు. ఎక్కినవారు పద్నాలుగు. వేళ్ళు మాత్రం ఒకటి తక్కువ.

వేలు నూకరాజుది. రోజుకో ఆటుకి, సముద్రం వెనక్కి తగ్గిన వేళ, ఊరికి అడ్డుగా ఉన్న ఈ బతికున్న కట్టకి మేత వెయ్యడానికి మావాళ్ళు తాడు మీద నీళ్ళలోకి దిగుతారు. మేత వేసిన చేతిని తక్షణం వెనక్కి లాక్కోవాలని కట్ట దిగే ప్రతివాడికీ మొదటి రోజే చెబుతాం. ముప్పై ఏళ్ళుగా దిగుతున్నవాడు కూడా మొదటి రోజు పాఠమే మరిచిపోతాడు. బెల్లపు మడ్డి, గవ్వల సున్నం కలిపిన ఆ ముద్ద తగిలితే కట్ట పెరుగుతుంది. చెట్టు పెరిగినట్టు కాదు, పుండు మానినట్టు. నూకరాజు చూపుడు వేలు లోపల ఉండగానే పుండు మానింది. పక్క తాడు మీదున్న ఇస్సాకు కత్తితో ఆ వేలు కోసి మనిషిని విడిపించాడు.

పైకి వచ్చాక నూకరాజు అన్న మొదటి మాట, "ఉంగరం కూడా పోయిందండి మామ్మగారూ." తాడు పట్టింది అతని భార్య మంగాయమ్మ, మా వంటశాల నడిపే మనిషి. మొగుడి వేలు తెగినప్పుడు తాడులో ఏం తెలిసిందని అడిగాను, రాయాలి కాబట్టి.

"ఉలిక్కిపడ్డాడండి, అంతే. ఇంట్లో జ్వరమొత్తే ఊరంతా యినపడేలా మూలుగుతాడు గానీ, కింద మా గొప్పగా ఉంటాడు" అంది, గుడ్డ చుడుతూ. తర్వాత వంటశాలకి వెళ్ళి పులుసులో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఇవాళ కొత్త పుస్తకానికి గళ్ళు గీశాను. దిగినవారు, తాడు పట్టినవారు, సంబంధం, ఎక్కినవారు, రాసిన చెయ్యి. ఏడో తూము దగ్గర ఈ పుస్తకం పదకొండేళ్ళుగా నాది. నా పేరు లాస్య, వయసు డెబ్బై ఎనిమిది. మా తరగతిలో నలుగురు లాస్యలు, ముగ్గురు ఆద్యలు ఉండేవాళ్ళం. ఇప్పుడు నాకన్నా చిన్నవాళ్ళు ఆ పేరు విని ముసలి పేరని నవ్వుతారు. నవ్వేవాళ్ళ పేర్లు నూకరాజు, మంగాయమ్మ. భూమి గుండ్రంగా ఉందని నలభై ఏళ్ళు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను గానీ ఇంత బాగా ఎప్పుడూ నిరూపించలేకపోయాను.

మూడో గడి సంగతి రాయాలి. నాడితాడు బతికున్న నార. దిగిన మనిషి గుండె దెబ్బలు పట్టినవాళ్ళ అరచేతిలో వినిపిస్తాయి. ఒక చేతిని గుర్తుపట్టడానికి దానికి నలభై రోజులు కావాలి. కట్ట కట్టిన తొలి ఏడు కూలికి వచ్చినవాళ్ళు తాళ్ళు పట్టారు. పెద్ద అల రాగానే వదిలేసి పారిపోయారు. తొమ్మిది మంది పోయారు. అప్పుడు పుట్టింది నియమం: తాడు పట్టే చెయ్యి పెళ్ళాడినదో, రక్తం పంచుకున్నదో అయి ఉండాలి. ఆలుమగలు వదలరట. నేను మా ఆయన తాడు పంతొమ్మిదేళ్ళు పట్టాను. కనీసం పదకొండు రోజులు వదిలేద్దామని గట్టిగా అనిపించింది. ఆయన చివరికి మంచం మీదే పోయాడు, పెసరట్టులో అల్లం తక్కువైందని చెప్పి.

ఇస్సాకు తాడు పట్టేది నా మనవడు సూరిబాబు. వాళ్ళిద్దరూ ఆరేళ్ళుగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద, ఒకే దోమతెరలో కాపురం చేస్తున్నారు. మెరక ఊళ్ళలో ఇలాంటి పెళ్ళికి చట్టం వచ్చి ముప్పై ఏళ్ళయింది. కట్ట మీదికి చట్టం పడవలో రావాలి, పడవ ఇంకా బయల్దేరలేదు. అందుకని రెండేళ్ళ కిందట వాళ్ళ జంట నా పుస్తకంలోకి వచ్చినప్పుడు సంబంధం గడిలో నేను "వేలువిడిచిన మేనత్త కొడుకు" అని రాశాను. అంటే నాకు లేని ఒక అక్కని కల్పించి, ఆమెకు మరియమ్మ అనే కూతురిని కట్టబెట్టి, ఆ మరియమ్మ కడుపున ఇస్సాకుని పుట్టించాను. మరియమ్మ నిజంగానే అతని తల్లి. మిగతాదంతా నా సృష్టి. చదువుకున్నదాని తెలివి కదా అని ఆ రోజు నాకు నేనే శభాష్ అనుకున్నాను.

రాసిన చెయ్యి: లాస్య.

ఆటు 4,121

దిగినవారు పదమూడు. ఎక్కినవారు పదమూడు.

ఇస్సాకు దిగలేదు. పడవల కాలనీలో వాళ్ళ అమ్మ మరియమ్మ పోయింది. రక్తసంబంధం పోతే మూడు ఆటులు కట్ట ముట్టకూడదు. మైల అని కాదు, చెయ్యి వణుకుతుందని. సూరిబాబు అతనితో వెళ్ళాడు. తాడు ఖాళీ, చెయ్యీ ఖాళీ, కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

మేత తక్కువ పడింది. రెండో మెట్టు దగ్గర కట్ట చిన్న నోరు తెరిచింది, పిడికిలంత కన్నం. దొరబాబు పైనుంచి బాల్చీలు అందించాడు. ముప్పై ఏళ్ళ మనిషి, ఎద్దులాంటి భుజాలు. అతనికి తల్లీ తండ్రీ లేరు, పెళ్ళి కాలేదు, అంచేత తాడు పట్టేవాళ్ళు లేరు, అంచేత జీవితంలో ఒక్కసారీ కట్ట దిగలేదు. దిగినవారికీ తాడు పట్టినవారికీ రెండు వాటాల తిండి. బాల్చీలు మోసేవారికి ఒకటి. చిన్నప్పుడు నా దగ్గర భిన్నాలు నేర్చుకున్నాడు. ఒకటిని రెండుతో భాగిస్తే ఎంత మిగులుతుందో అతనికి నాకన్నా బాగా తెలుసు.

రాసిన చెయ్యి: లాస్య.

ఆటు 4,122

దిగినవారు పదమూడు. ఎక్కినవారు పదమూడు. నోరు కొబ్బరికాయంత అయింది.

రాసిన చెయ్యి: లాస్య.

ఆటు 4,123

దిగినవారు పదమూడు. ఎక్కినవారు పదమూడు. ఇస్సాకు తిరిగి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. "రేపు దిగుతానండి మామ్మగారూ" అన్నాడు. ఆ "గారు" తీసెయ్యమని ఆరేళ్ళుగా చెబుతున్నాను. మంగాయమ్మ సొరకాయ పులుసు గిన్నె అతని చేతిలో పెట్టి వెళ్ళింది.

రాసిన చెయ్యి: లాస్య.

ఆటు 4,125

దిగినవారు పద్నాలుగు. ఎక్కినవారు పద్నాలుగు.

కట్ట పెద్ద గోవర్ధనం తూము గదికి వచ్చాడు. ఇతను కూడా నా విద్యార్థే. మూడుసార్లు తప్పాడు. తర్వాత ఎన్నికల్లో మూడుసార్లు నెగ్గి లెక్క సరిచేసుకున్నాడు. వచ్చి, కుర్చీ తుడుచుకుని, నా పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు.

"మేడంగారూ, మరియమ్మగారు తమరికి ఏమవుతారండీ?"

"ఏం, ఇప్పుడెందుకు?"

"తమరే రాశారు కదండీ. తమ అక్కగారి కూతురు. అంటే తమరికి కూతురి వరస."

"అయితే?"

అతను మూడు చోట్ల వేలు పెట్టాడు. 4,121. 4,122. 4,123. రాసిన చెయ్యి: లాస్య, లాస్య, లాస్య.

"కూతురి వరసావిడ పోతే పుస్తకం రాసే చేతికీ మూడు ఆటుల సెలవే కదండీ, తమరు ఒక్క ఆటైనా పెట్టలేదండి. అక్షరం కూడా వంకర పోలేదు. ఎంత గుండెదిటవు అనుకున్నాను. తర్వాత ఇంకోటి అనుకున్నాను."

పుస్తకం నావైపు తిప్పుకున్నాను. చుట్టాన్ని కల్పించడం గుర్తుంది, ఆ చుట్టం పోతే ఏడవాలన్నది గుర్తు లేదు. శ్రాద్ధాలకీ పురుళ్ళకీ బతుకంతా సెలవులు పెట్టిన మనిషిని, ఒక్క అబద్ధపు చావుకి మూడు రోజులు ఇంట్లో కూర్చోలేకపోయాను.

"ఇంతకీ నీకేం కావాలి గోవర్ధనం?"

"నాకేం కావాలండీ. నియమానికి కావాలి. చుట్టరికం అబద్ధమైతే ఆ తాడు చెల్లదు. వచ్చే ఆదివారం సభ. అక్కడ తేలుద్దాం. ఈలోగా పట్టనివ్వండి, ఇంకో చేతికి అలవాటవ్వాలంటే నలభై రోజులు కదా." లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "మగాడి చెయ్యి మగాడి తాడుకి నిలవదండి మేడంగారూ. పుస్తకంలో ఏం రాసుకున్నా, అల వచ్చిన రోజున వదిలేస్తుంది. ఊరు అందరిదీ కదా, నా బాధ అది."

అతని కొడుకు పాపారావు బయట నిలబడి ఉన్నాడు. పక్కన దొరబాబు. దొరబాబు చేతిలో పాత నాడితాడు ముక్క ఉంది. దాన్ని అరచేతిలో నొక్కుకుంటూ ఉన్నాడు, అలవాటు చేసుకుంటున్నవాడిలా.

సూరిబాబుతో చెప్పాను. వాడు చేపకి పొలుసు తీస్తూ విన్నాడు.

"నిజం రాసెయ్ మామ్మా."

"ఆదివారం దాకా ఆగరా. సభలో మాట్లాడే తీరు ఒకటుంటుంది."

"రెండేళ్ళు నీ తీరు చూశాం కదా" అన్నాడు. కోపంగా కాదు. అదే ఎక్కువ తగిలింది.

రాసిన చెయ్యి: లాస్య.

ఆటు 4,127

దిగినవారు పద్నాలుగు. ఎక్కినవారు పద్నాలుగు.

పొద్దున నీళ్ళు పట్టడానికి వెళుతుంటే వాళ్ళ ఇంటి తలుపు లేదు. ఉండాల్సిన చోట గోడ ఉంది. ఎవరో గడప మీద, రెక్కల సందుల్లో, కిటికీ చువ్వల మీద మేత పూసి, కట్ట నుంచి చెక్కిన ముక్కలు అంటించి వెళ్ళారు. తెల్లారేసరికి ఇల్లు మూసుకుపోయింది. లోపల ఇద్దరు మనుషులు, దీపం కూడా వెలగనంత తక్కువ గాలి.

గోడకి చెవి పెట్టాను. లోపలినుంచి దెబ్బలు వినిపిస్తున్నాయి, నెమ్మదిగా, వరసలో. సూరిబాబు గాలి వృథా చేసే రకం కాదు.

తూము గదిలో గునపం ఉంది. దాని బరువు నాకు తెలుసు, ఆరు కిలోలు. మొదటి దెబ్బకి నా భుజం మూలిగింది, గోడ మూలగలేదు. నూకరాజు పరుగెత్తుకొచ్చి తొమ్మిది వేళ్ళతో గునపం అందుకున్నాడు. మంగాయమ్మ వంటశాల నుంచి వేడి వేడి చింతపండు నీళ్ళు తెచ్చి పోసింది. పులుపు తగిలితే పచ్చి కట్ట మెత్తబడుతుంది. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు, వంటవాళ్ళకి తెలుసు.

కన్నం పడేసరికి ఇస్సాకు స్పృహ తప్పి ఉన్నాడు. ఎడమ పాదం గడపలో చిక్కుకుని మడమ దాకా పెరిగిపోయింది. తెరవబోయినప్పుడు పట్టేసిందట. నూకరాజు చెక్కాడు. రాయితోపాటు చర్మం వచ్చింది, చర్మంతోపాటు ఇంకొంచెం వచ్చింది. ఇస్సాకు అరుస్తూ మెలకువలోకి వచ్చాడు.

"ఇప్పుడు చెల్లుకి చెల్లు" అన్నాడు నూకరాజు, చెమట తుడుచుకుంటూ. "నా వేలు నువ్వు కోశావు, నీ కాలు నేను గీకాను."

ఇస్సాకు ఏడుస్తూనే నవ్వాడు.

దొరబాబు దూరంగా నిలబడి చూస్తున్నాడు. వేళ్ళ సందుల్లో ఎండిన మడ్డి కనిపించింది. బాల్చీలు మోసేవాడి చేతులకు మడ్డి ఎప్పుడూ ఉంటుంది, అదేమీ రుజువు కాదు. దగ్గరికి వెళ్ళాను.

"ఎవరు చెప్పార్రా నీకు?"

"ఎవరు చెప్తారండీ?"

"చేస్తే ఏమిస్తానన్నాడు?"

వేళ్ళ సందుల్లో మడ్డి గిల్లుకున్నాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు: "నియమం మారుత్తారంటండి. పెద్దాయన సొంత మడిసినైతే తాడు నాకిత్తారంట. నాకూ రెండు వాటాలు. నాకూ ఓ పేరు మీ పుత్తకంలో."

"ఇస్సాకుని చంపుతావా దానికి?"

"ఆడు సావడండి. నేను పట్టుకుంటాను కదా."

ఆ మాటకి అర్థం ఆ పూట నాకు తెలియలేదు. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కున్నాను. నిజం రాయడానికి ఆదివారం దాకా ఆగాలనే అనుకున్నాను. అంత మూర్ఖురాలిని.

రాసిన చెయ్యి: లాస్య.

ఆటు 4,129

అరగంట తర్వాత రాస్తున్నాను. పెన్ను జారుతోంది. నా రక్తం కాదు.

దిగినవారు పద్నాలుగు అని మొదలైంది. రెండో మెట్టు నోరు మనిషి పట్టేంత అయింది కాబట్టి ఇస్సాకు కుంటి కాలుతోనే దిగాడు. పాదాన్ని రబ్బరు సంచిలో కట్టుకున్నాడు. పైన పద్నాలుగు మంది తాళ్ళు పట్టి వరసగా నిలబడ్డారు. సూరిబాబు చివర, నోటికి ఎగువన. అందరి చేతులూ తాళ్ళ మీద.

కట్ట మీద అన్నిటికన్నా పాత ఆచారం ఒకటుంది, రాయాల్సిన అవసరం ఎవరికీ రానంత పాతది. తాడు పట్టిన చేతిని ముట్టరు. పగవాడైనా ఆటు అయ్యేదాకా ఆగుతాడు, తర్వాత తంతాడు.

నలుగురు ఆగలేదు. పాపారావు, దొరబాబు, ఇంకో ఇద్దరు. ఇద్దరి పేర్లూ వెనక పేజీలో రాశాను. గోవర్ధనం లేడు. ఆ సమయానికి క్షవరం చేయించుకుంటున్నాడట, సాక్షులున్నారు.

కిటికీలోంచి చూశాను. పాపారావు ముందుగా వీపు మీద కర్రతో కొట్టాడు. సూరిబాబు తిరగలేదు. తిరిగితే తాడు బిగుసుకుంటుంది, కింద మనిషి గోడకి కొట్టుకుంటాడు. రెండో దెబ్బ మోకాలి వెనక. మోకాళ్ళ మీద పడ్డాడు, తాడు వదల్లేదు. తర్వాత ముఖం మీద తన్నారు. తలను అడ్డం పెట్టడానికి కూడా వాడి దగ్గర చెయ్యి లేదు.

"వదులురా, వదిలి సూపించు" అంటున్నాడు పాపారావు. అప్పుడు నాకు అర్థమైంది. చంపడానికి రాలేదు. వదిలించడానికి వచ్చారు. వదిలితే నియమం నెగ్గినట్టు. పక్కనే దొరబాబు తాడు అందుకుని ఇస్సాకుని కాపాడినట్టు. కొత్త చేతిని తాడు ఎరగదని, దొరబాబుకి ఆ తాడులో గుండె దెబ్బ ఒక్కటీ వినపడదని ఎవరూ అతనికి చెప్పలేదు.

వరసలో పదమూడు మంది చూస్తున్నారు. ఒక్కరి చెయ్యీ ఖాళీ లేదు. మంగాయమ్మ రెండు చేతులా తాడు పట్టుకుని తిడుతోంది. అవన్నీ రాయను, పుస్తకం బడిపిల్లలు కూడా చదువుతారు. అంతలో ఆమె తిట్టడం ఆపింది. మొగుడి తాడుని ఏడుసార్లు లాగింది. ఏడు లాగులంటే, ఉన్నది ఉన్నట్టు వదిలి పైకి రా.

పక్కామె చూసి ఏడు లాగింది. ఆ పక్కాయన. ఒకరి తర్వాత ఒకరు, వరస చివరిదాకా. కట్ట కట్టాక మేత మధ్యలో అందరూ పైకి రావడం ఇదే మొదలు. కానీ మనిషిని పైకి తేవడానికి నాలుగు నిమిషాలు కావాలి. గాలి గొట్టంతో లోతున ఊపిరి పీల్చినవాణ్ణి అంతకన్నా తొందరగా లాగితే ఊపిరితిత్తులు చిట్లుతాయి.

నాలుగు నిమిషాలపాటు కట్ట మీద ఖాళీ చేతులు నావి మాత్రమే.

గునపం తీసుకుని నడిచాను. నలభై అడుగులు. పరుగెత్తానని రాయాలనుంది. నా తుంటి ఒప్పుకోదు.

నేను చేరేసరికి దొరబాబు సూరిబాబు ముందు గొంతుక్కూర్చుని వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నాడు. విప్పడం అంటే విరవడమే. చిటికెన వేలు అయింది. దాని పక్కది అయింది. "వదిలెయ్ సూరిబాబూ, నీ కాళ్ళు పట్టుకుంటాను, వదిలెయ్యి. ఆడు సావడు, నాకియ్యి" అంటున్నాడు. ఏడుస్తున్నాడు కూడా. మూడో వేలు టప్పుమంది. సూరిబాబు తాడుని ముంజేతికి చుట్టుకుని దాని మీద బోర్లా పడుకున్నాడు.

నేను గునపం ఎత్తాను. చెవి వెనక తగిలింది.

దొరబాబు పక్కకి ఒరిగి, మేత బాల్చీని కూడా తోసుకుంటూ సముద్రం వైపు జారాడు. నోటి అంచు మీద పడ్డాడు. మేత అతని మీద పడింది. తర్వాత జరిగింది నేను చూశాను కాబట్టి రాస్తున్నాను. కట్ట అతని నడుమును పట్టింది. నీళ్ళు గడ్డం దాకా ఉన్నాయి. నన్ను చూశాడు. ఏదో అడగబోయినవాడిలా నోరు తెరిచాడు. నేను నలభై లెక్కపెట్టేలోపు తల కూడా లేదు.

పాపారావు నా జుట్టు పట్టుకున్నాడు. తల కట్టకి కొట్టుకుంది. కుడి కన్ను ఇంకా తెరుచుకోలేదు. ఆ సమయానికి నాలుగు నిమిషాలు పూర్తయ్యాయి.

పదమూడు తాళ్ళు నేల మీద పడ్డాయి. ఇరవై ఆరు మంది లేచారు, సగంమంది తడి బట్టలతో. మంగాయమ్మ దగ్గర చేప తలలు నరికే కత్తి ఉంది, దాన్ని వెనక్కి తిప్పి పిడితో కొట్టింది. ఆమె సంయమనానికి నేను సాక్షిని. నూకరాజు పిడికిలి తొమ్మిది వేళ్ళతో కూడా నిండుగానే ఉంది. పాపారావు మోచెయ్యి వంగకూడని వైపు వంగింది. మిగతా ఇద్దరిలో ఒకడి చెవి సగం లేదు. కట్ట మీద నాలుగు పళ్ళు దొరికాయి. వంటశాల పళ్ళెంలో పెట్టించాను, సొంతదారులు వచ్చి గుర్తుపట్టి తీసుకోవచ్చు.

ఇస్సాకుని అందరూ కలిసి లాగారు. సూరిబాబు చేతి నుంచి తాడు తీయలేకపోయాం, మాంసంలోకి దిగిపోయింది. అందుకని ఇద్దరినీ ఒకటిగానే మోసుకొచ్చారు. ఇస్సాకు అరచేతుల్లో గోళ్ళ గాట్లు ఉన్నాయి.

"దొరబాబు నా చేతులు పట్టుకున్నాడు మామ్మా. లాగాను. ఆడు వదల్లేదు, కట్టా వదల్లేదు" అన్నాడు.

గారు లేదు. ఇన్నాళ్ళు అడిగినందుకు ఈ వేళే దొరికింది.

ఆటు 4,130

ఎవరూ దిగలేదు. నోరు మూసుకుంది. దానికి కావలసింది దొరికింది.

సూరిబాబు బతుకుతాడు. మూడు వేళ్ళు తీసేశారు. పక్కటెముకలు నాలుగు, ఒక కన్ను అనుమానం. ఇక తాడు పట్టలేడు. కొత్త క్షవరంతో గోవర్ధనం మధ్యాహ్నం వచ్చాడు. ఈసారి కుర్చీ తుడుచుకోలేదు.

"మేడంగారూ, ఊరు నిలబడాలి. తాడు చేతిని ముట్టిన తప్పుకి మా వాడిని వెలేస్తారు. మనిషిని చంపిన తప్పుకి తమరిని రెండు రోజుల నీళ్ళతో పడవెక్కిస్తారు. ఎవరికేం లాభం?" గొంతు తగ్గించాడు. "దొరబాబు కాలు జారి పడ్డాడని రాయండి. పైకెక్కాక వేరే గొడవలో సూరిబాబు దెబ్బలు తిన్నాడని రాయండి. వేలువిడిచిన మేనత్త కొడుకుని నేను ముట్టుకోను. తమ మనవళ్ళు సుఖంగా ఉంటారు. దొరబాబుకి అడిగేవాళ్ళు ఎవరున్నారండీ?"

ఎంత ముచ్చటగా ఉందో. ఒక పాత అబద్ధానికి ఒక కొత్త అబద్ధం, ఎదురు కట్నం కూడా లేదు. పైగా ఇదంతా నా చేతివ్రాతలోనే. రెండేళ్ళ కిందట నేను చూపించిన తెలివినే అతను శుభ్రంగా ఉతికి తెచ్చి నా ముందు పెట్టాడు.

"భౌతికశాస్త్రంలో మూడుసార్లు ఎలా తప్పావు గోవర్ధనం? బాగానే ఆలోచిస్తావే" అన్నాను. అతను వెళ్ళాడు, నేను ఒప్పుకున్నాననుకుని.

మంగాయమ్మని పిలిచి పాత పుస్తకం కూడా తెప్పించాను. మొదటి పేజీ నుంచి ఇస్సాకు వరస ఎక్కడుంటే అక్కడ, సంబంధం గడిలో ఎర్ర సిరాతో కొట్టేసి, పైన "భర్త" అని రాశాను. ఐదు వందల ఎనభై చోట్ల. కన్ను ఒకటే కాబట్టి సాయంత్రమైంది. మంగాయమ్మ పక్కన కూర్చుని పేజీలు తిప్పింది.

"ఇన్నాళ్ళూ మాకు తెలీదనుకున్నారేటండీ మామ్మగారూ?"

"తెలుసా?"

"వేలువిడిచిన మేనత్త కొడుకు కోసం ఎవడైనా చేప తలకాయ దాచిపెడతాడేటండీ? మా ఆయన నాకే దాచడు. మీరు రాత్తారని మేం అడగలేదు. మేం అడగలేదని మీరు రాయలేదు."

అలా ఊరంతా కలిసి మర్యాదగా నోరు మూసుకున్నాం, నోరు తెరిచింది కట్ట ఒక్కటే. ఆ నోట్లోకి ఎవరూ లేనివాడు పోయాడు. నియమం సూరిబాబుకి ఎంత చేసిందో దొరబాబుకీ అంతే చేసింది. వాళ్ళిద్దరూ ఒకే వైపు నిలబడాల్సినవాళ్ళు. ఆ సంగతి అతనికి చెప్పాల్సింది భిన్నాలు నేర్పిన నేను.

రేపు సభ. "మేం పెట్టే ఓటు మేం పెడతాం" అంది మంగాయమ్మ. ఏమవుతుందో రాయలేను. ఇస్సాకు రేపటి నుంచి తాడు పట్టడం నేర్చుకుంటాడట. సూరిబాబు మిగిలిన ఏడు వేళ్ళతో దిగుతాడట. నలభై రోజులు పడుతుంది. చూడటానికి నేను ఉంటే ఉంటాను.

నిన్నటి వరస పూర్తి చేయలేదు. ఇప్పుడు చేస్తున్నాను.

ఆటు 4,129. దిగినవారు పదిహేను. ఎక్కినవారు పద్నాలుగు.

పద్నాలుగో వరస. దిగినవారు: ఇస్సాకు. తాడు పట్టినవారు: సూరిబాబు. సంబంధం: భర్త. వదల్లేదు.

పదిహేనో వరస. దిగినవారు: దొరబాబు. జారలేదు. గునపంతో కొట్టారు. మోచేతికి గురి పెట్టి తప్పానని సభలో చెప్పొచ్చు, నమ్ముతారు కూడా. తలకే గురి పెట్టాను. తాడు పట్టినవారి గడి ఖాళీగా వదలకూడదని నియమం.

తాడు పట్టినవారు: లేరు. పట్టాల్సింది నేను కాబట్టి ఆ చోట లాస్య అని రాసుకోవాలి.

సంబంధం: చదువు చెప్పింది. చంపింది.

రాసిన చెయ్యి: లాస్య. మూడు ఆటులు సెలవు.